హీట్ ప్రెస్ మెషీన్: రెండు వినాయక చవితులు దాటాక

మా ముందుగదిలో కిటికీ కింద ఒక బల్ల, దాని మీద 15 బై 15 అంగుళాల హీట్ ప్రెస్, అంటే ప్రింటుని వేడితో నొక్కి టీషర్టుకి అంటించే మెషీన్. పిడి పట్టుకుని ఎత్తితే మొసలి నోరు తెరిచినట్టు పైపలక పైకి లేచే రకం. కంపెనీ పేరంటూ ఏమీ లేదు. చైనా నుంచి వచ్చిన మెషీన్‌కి ఇక్కడ స్టిక్కర్ వేసి అమ్ముతారు. విజయవాడలో ఒక డీలరు దగ్గర 14,500 పెట్టి కొన్నాను. ఈ రెండేళ్లలో దీని మీద దగ్గర దగ్గర రెండు వేల టీషర్టులు ప్రెస్ చేశాను. "అక్కా, నేనూ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, ఎలా ఉంది?" అని నెలకి ఒకరైనా అడుగుతున్నారు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకసారి కూర్చుని మొత్తం రాద్దామనుకున్నాను.

ముందే నా మాట చెప్పేస్తాను. ఇంట్లోంచి చిన్నగా మొదలుపెట్టేవాళ్లు కొనొచ్చు, డబ్బులు వృథా కావు. కానీ పెట్టెలోంచి తీసి, ప్లగ్గు పెట్టి, అదే వారం ఆర్డరు ఒప్పుకోకూడదు. నేను ఆ పని చేశాను. నలభై మంది ముందు తలదించుకోవాల్సి వచ్చింది.

మాది తెనాలి. నాన్న సైన్‌బోర్డులు రాసేవారు. బట్టల షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, లారీల వెనక అక్షరాలు, అన్నీ. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయి తగ్గిపోయి చివరికి ఆగిపోయింది. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట వెళ్లి సుద్దపొడి పూసిన దారం ఒక కొస పట్టుకునేదాన్ని. రెండో కొస ఆయన పట్టుకుని మధ్యలో లాగి వదిలితే బోర్డు మీద గీత పడేది. ఆ గీత మీద తలకట్టు ఎక్కడ మొదలుపెట్టాలి, వత్తుకి కింద ఎంత చోటు వదలాలి అనేవి ఆయన చేతిని చూసి నేర్చుకున్నవే. ఇంగ్లీషు కొటేషన్ల టీషర్టులు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. తెలుగు అక్షరం ఉన్నది కావాలంటే మాత్రం వంకర ఫాంటు, విరిగిపోయిన వత్తులు. అది చూసి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. టీషర్టుల మీదికి రావడానికి అసలు కారణం అదే.

మొదట్లో స్క్రీన్ ప్రింటింగ్ చేయించేదాన్ని. పని బాగుంటుంది, ఏళ్ల తరబడి ఉంటుంది, ఇప్పటికీ వంద దాటిన ఆర్డరు వస్తే అక్కడికే పంపిస్తాను. కానీ ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ చేయాలి. నాలుగు రంగులంటే నాలుగు స్క్రీన్లు. అందుకని యాభైకి తక్కువైతే ఎవరూ ముట్టుకోరు, ముట్టుకున్నా రేటు గిట్టదు. నాకు వచ్చేవేమో పన్నెండు, పదిహేను. అరకు టూరుకి వెళ్లే కుటుంబం, మొదటి పుట్టినరోజు, కాలేజీ నుంచి ఒక సెక్షన్ పిల్లలు. సబ్లిమేషన్ అనేది ఇంకో పద్ధతి, రంగుని వేడితో ఆవిరి చేసి బట్టలోకి ఎక్కిస్తారు. అది పాలిస్టర్ మీద, అదీ తెలుపు లేదా లేత రంగు మీద మాత్రమే పట్టుకుంటుంది. మన ఎండల్లో కాటన్ తప్ప వేసుకోమనేవాళ్లే ఎక్కువ. అందువల్ల అదీ నాకు కుదరలేదు.

డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) అనే పద్ధతి వచ్చాక నాలాంటివాళ్లకి దారి దొరికింది. డిజైన్‌ని ఒక ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ముందు రంగులు, వాటి మీద తెలుపు ఇంకు పడేలా ప్రింట్ చేస్తారు. తడి ఆరకముందే దాని మీద జిగురు పొడి చల్లి వేడి చేస్తారు. ఆ ఫిల్మ్‌ని టీషర్టు మీద బోర్లించి ప్రెస్ చేస్తే పొడి కరిగి బట్టలోకి దిగుతుంది. చల్లారాక ఫిల్మ్ లాగేస్తే బొమ్మ బట్ట మీద ఉండిపోతుంది. నలుపు బట్టయినా, ఎన్ని రంగులున్నా, ఒక్క టీషర్టయినా సరే. ఫిల్మ్ ప్రింట్ చేసే మెషీన్ లక్షల్లో ఉంటుంది, పైగా తెలుపు ఇంకు గడ్డకట్టకుండా రోజూ నడపాలి. అది మనం కొనక్కర్లేదు. విజయవాడలో మీటర్ల లెక్కన ప్రింట్ చేసి ఇచ్చే షాపులున్నాయి. మనకి కావాల్సింది ప్రెస్ ఒక్కటే.

నేను వెళ్లే షాపులో 22 అంగుళాల వెడల్పు ఫిల్మ్ మీటరు 320. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది, కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోక డబ్బు పోగొట్టుకుంటారు. ఏ4 సైజు డిజైన్లు అన్నీ నిలువుగా పేరిస్తే మీటరుకి ఆరు పడతాయి. ఒక వరుస అడ్డంగా నాలుగు, పక్కన ఇంకో వరుస నిలువుగా మూడు పేరిస్తే ఏడు పడతాయి. ఒక్కో ప్రింటు 53 నుంచి 46కి దిగుతుంది. ఇంకా మిగిలిన సందుల్లో మెడ లోపల వేసే చిన్న లోగోలు ఇరికిస్తాను. ఈ పేర్పు మనమే చేసి ఇవ్వాలి. షాపువాళ్లకి వదిలేస్తే వాళ్లకి సులువైన పద్ధతిలో పేరుస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల పని ప్రింటు వేయడం వరకే.

ఇక మెషీన్ దగ్గరికి వస్తాను.

కొన్న తొమ్మిదో రోజున ఆర్డరు. ఒక హైస్కూలు పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనం, నలభై టీషర్టులు, నేవీ బ్లూ. వీపు మీద "మళ్ళీ అదే బెంచీలో" అని పెద్ద అక్షరాలు, కింద బ్యాచి సంవత్సరం. షాపువాళ్లు చెప్పిన సెట్టింగే పెట్టాను. 160 డిగ్రీలు, 15 సెకన్లు, చల్లారాక ఫిల్మ్ లాగడం, పైన వేడికి అంటుకోని టెఫ్లాన్ షీటు వేసి ఇంకో పది సెకన్లు. శనివారం రాత్రి ఇచ్చేశాను, ఆదివారం ఫంక్షన్. ఫొటోలు పంపించారు. నలభై, నలభై ఐదేళ్ల వయసువాళ్లు వరసగా వీపులు చూపించి నిలబడ్డారు. ఆ ఫొటో చూసి నాకు చాలా ఆనందం వేసింది.

బుధవారం ఫోను. "అమ్మా, ఒక్క ఉతుక్కే కింద అక్షరాలు లేచిపోతున్నాయి." ఒకటే అనుకున్నా. శుక్రవారానికి పదకొండు తిరిగొచ్చాయి. వాటిని మంచం మీద వరసగా పరిచి చూశాను. పైలైను అన్నిట్లోనూ గట్టిగా ఉంది, గోటితో గీరినా రావట్లేదు. లేచినవన్నీ కింది భాగంలోనే. సంవత్సరం అంకెల అంచులు, "బెంచీలో" అనే మాట కింది అంచుల దగ్గర. ఒకటి రెండింటికి సంవత్సరంలో చివరి అంకె పూర్తిగా ఊడిపోయింది. అన్నీ ఒకే చోట పాడయ్యాయంటే ఫిల్మ్ తప్పు కాదని అప్పుడు అర్థమైంది.

డీలరుకి ఫోను చేస్తే "టెంపరేచర్ పెంచండి మేడం" అన్నారు. 170 పెట్టి ఒక పాత టీషర్టు మీద కొట్టాను. బట్ట మీద చతురస్రం మరక పడింది, అక్షరం మాత్రం అలాగే లేచింది. మళ్లీ ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ రెండు రోజులు పడిన టెన్షన్ నాకింకా గుర్తుంది. అన్నం ముందు కూర్చున్నా ఆ పదకొండు టీషర్టులే కళ్ల ముందు ఆడేవి.

సంగతి పట్టుకున్నది మా వీధి చివర మోటారు వైండింగు చేసే ఆయన. వచ్చి మెషీన్‌ని అటూ ఇటూ చూసి, ఒక పాత కరెంటు బిల్లు అడిగారు. దాన్ని నాలుగు సన్నని పట్టీలుగా చింపి నాలుగు మూలల్లో పెట్టి, సగం బయటికి ఉండేలా పలక దించారు. తర్వాత ఒక్కొక్కటీ లాగమన్నారు. వెనక కీలు వైపు రెండూ చిరిగాయి తప్ప రాలేదు. ముందు, పిడి వైపు రెండూ వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేశాయి. ఈ రకం మెషీన్లలో కీలు వైపు ముందు నొక్కుకుంటుంది, పిడి వైపు వదులుగా మిగులుతుంది. నేను మెడ కీలు వైపు పెట్టి, కింది భాగం నావైపు పెట్టుకుని కొట్టాను. వేడి ఉంది గానీ బరువు పడలేదు. కరిగిన పొడి బట్ట దారాల్లోకి దిగకుండా పైపైనే ఉండిపోయింది.

కింది పలక బోల్టులు వదులు చేసి ముందువైపు రెండు వాషర్లు వేశారు. మళ్లీ కాగితం పరీక్ష. మూడోసారికి నాలుగు మూలలూ సమానంగా పట్టుకున్నాయి. ఆయన తీసుకున్నది 150 రూపాయలు. తర్వాత నేను 900 పెట్టి దూరం నుంచి వేడి చూసే టెంపరేచర్ గన్ కొన్నాను. తెర మీద 160 చూపిస్తున్నప్పుడు పలక మధ్యలో 158, ముందు ఎడమ మూలలో 141. ఏ కొత్త మెషీనూ అంచుల్లో మధ్యలో ఉన్నంత వేడిగా ఉండదట, కానీ అంత తేడా అంటే కష్టమే. అందుకని పేరు 15 బై 15 అయినా నేను దీన్ని 12 బై 12గానే వాడతాను. చుట్టూ ఒకటిన్నర అంగుళం వదిలేస్తాను. డిజైను అంతకంటే పెద్దదైతే రెండుసార్లు జరిపి కొడతాను.

ఆ పదకొండింటికీ కొత్త టీషర్టులు తెచ్చి, కొత్త ప్రింట్లు వేయించి మళ్లీ ఇచ్చాను. పైసా తీసుకోలేదు. ప్లెయిన్ టీషర్టు 148, ప్రింటు 46, కవరు 5, మొత్తం 199. నేను 299కి ఇచ్చాను కాబట్టి ఒక్కోదానికి వంద మిగలాలి. నలభైకి నాలుగు వేలు రావాల్సింది, పదకొండు మళ్లీ చేయడానికి దగ్గర దగ్గర 2,200 పోయింది. మిగిలింది పద్దెనిమిది వందలు. అయితే ఆ బ్యాచిలో ఒకాయన తర్వాత తన షాపు స్టాఫుకి ముప్పై చేయించుకున్నారు. "తప్పు జరిగితే మీరు ఫోను ఎత్తారు, అందుకే వచ్చాను" అన్నారు.

కాబట్టి మెషీన్ కొంటే మొదటిరోజు చేయాల్సిన పని కాగితం పరీక్ష. షాపులోనే చేయండి. వేడి చేయనక్కర్లేదు, చల్లగా ఉన్నప్పుడే చేయొచ్చు. డీలరు విసుక్కుంటే ఆ డీలరు దగ్గర కొనొద్దు.

చవితి సీజన్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. వానలు, చెమట, గాలిలో తేమ. కొట్లో మడతపెట్టి ఉన్న కాటన్ టీషర్టు తాకితే పొడిగానే ఉన్నట్టుంటుంది. పలక దించి ఐదు సెకన్లు ఆగి తెరిస్తే లోపల్నుంచి ఆవిరి పొగలా లేస్తుంది. ఆ తేమ మీద నేరుగా ఫిల్మ్ పెడితే ప్రింటులో సన్నని బుడగలు వస్తాయి. ఫిల్మ్ పెట్టకముందు ప్రతి టీషర్టునీ ఒట్టిగా ఐదారు సెకన్లు కొట్టడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. ప్రింట్ చేసిన ఫిల్మ్ కూడా తేమ పీల్చుకుంటుంది. జిప్ కవర్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోవాలి.

మెషీన్ విలువ నాకు బాగా తెలిసింది కూడా చవితి ముందురోజే. మా పక్క వీధి కుర్రాళ్లు అరవై కాషాయం టీషర్టులు చేయించుకున్నారు. పందిరి వేసే రోజు రాత్రి తొమ్మిదింటికి మళ్లీ వచ్చారు. "అక్కా, ఇంకో పద్దెనిమిది మంది చేరారు, పొద్దున పూజకి కావాలి." చవితి డిజైను కదా అని ముందుజాగ్రత్తగా మూడు మీటర్ల ఫిల్మ్ ఎక్కువ వేయించి ఉంచాను. టీషర్టులు ఇరవై స్టాకున్నాయి. మెషీన్ ఆన్ చేస్తే వేడెక్కడానికి ఏడెనిమిది నిమిషాలు. ఇద్దరు కుర్రాళ్లు ఫిల్మ్ లాగడానికి కూర్చున్నారు, నేను పిడి దగ్గర. పదిన్నరకల్లా పద్దెనిమిదీ మడతపెట్టి ఇచ్చేశాను. ఇలాంటి ఆర్డరు ఏ ప్రింటింగు షాపూ ఆ టైముకి ఒప్పుకోదు. ఇంట్లో మెషీన్ ఉన్నందుకే చేయగలిగాను.

సంక్రాంతి క్రికెట్ టోర్నమెంటు జెర్సీలు మాత్రం నాకు ఇంకో పాఠం నేర్పాయి. మెరూన్ రంగు డ్రై ఫిట్, అంటే పాలిస్టర్. వీపు మీద తెల్లని పేర్లు, నంబర్లు. కొట్టినప్పుడు పాలలా తెల్లగా ఉన్నాయి. రెండోరోజు చూస్తే లేత గులాబీ. మూడోరోజుకి ఇంకాస్త. పాలిస్టర్ బట్టకి వేసే రంగు వేడికి ఆవిరై, పైనున్న తెలుపు ఇంకులోకి పాకుతుంది. కాటన్‌కి ఈ గొడవ లేదు. ఇప్పుడు ముదురు రంగు పాలిస్టర్ వస్తే షాపులో అడిగి, రంగు పాకకుండా అడ్డుకునే నల్ల పొడి వేసిన ఫిల్మ్ చేయించుకుంటాను, మెషీన్ 130 దగ్గర పెడతాను, ముందు ఒకటి కొట్టి మూడు రోజులు పక్కన పెట్టి చూస్తాను. మూడు రోజులు ఆగలేమనేవాళ్ల ఆర్డరు వదులుకుంటాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం, తెలుగు అక్షరం.

మెషీన్ ఎంత మంచిదైనా ఫైలు తప్పయితే ఏం లాభం లేదు. మొదట్లో నేను పంపిన ఫైలు షాపు కంప్యూటర్లో తెరిస్తే "స్త్రీ" అనే మాట మూడు ముక్కలైంది. స, త, ర విడివిడిగా, మధ్యలో పొల్లులు. ఆ కంప్యూటర్లో ఫాంటు లేకపోవడం ఒక కారణం, సాఫ్ట్‌వేర్‌లో మన లిపులకు సంబంధించిన సెట్టింగ్ ఆన్ చేయకపోవడం ఇంకో కారణం. అందుకే అక్షరాలు అక్షరాలుగా పంపకూడదు. కర్వ్స్‌లోకి (అంటే అక్షరాన్ని గీతల బొమ్మగా) మార్చి గానీ, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) గానీ పంపాలి. అక్షరాల కింద పొగలాంటి నీడలు పెట్టొద్దు. కంప్యూటర్లో అందంగా ఉంటుంది, ఫిల్మ్ మీద ఆ నీడ కింద కూడా తెలుపు ఇంకు పడి అంచుల చుట్టూ సున్నం కొట్టినట్టు కనపడుతుంది.

ఫాంట్లు డబ్బు పెట్టి కొనక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉన్నాయి, ఉచితం, వాటితో చేసినవి అమ్ముకోవచ్చు కూడా. టీషర్టుకి నేను ఎక్కువగా వాడేది రామభద్ర. రాయలవారి అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు దానికి. గీత లావుగా ఉంటుంది, ఆరడుగుల దూరం నుంచి కూడా చదవొచ్చు. మండలి అనే ఫాంటు చదవడానికి హాయిగా ఉంటుంది గానీ టీషర్టు మీద చిన్న సైజులో సన్నబడిపోతుంది. నా లెక్క ఒకటే. ఒక మిల్లీమీటరు కంటే సన్నని గీతని నమ్మొద్దు. పొడి సరిగా పట్టుకోదు, మూడు నాలుగు ఉతుకుల్లో పోతుంది. ఇంగ్లీషు అక్షరాలకి ఈ బాధ తక్కువ. మన తలకట్టు కొస, గుడి చివర, క్ష కింద మ వత్తు లాంటివన్నీ సన్నగా, ఒంటరిగా ఉంటాయి. ముందు అవే లేస్తాయి.

మొదటి శాంపిల్స్ తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను. ఆయనకిప్పుడు 71. టీషర్టుని కిటికీ వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశారు. "ళ కడుపు మూసుకుపోయింది చూడు" అన్నారు. నాకు కనపడలేదు. బొటనవేలు గోటితో చూపించారు. ళ లోపల ఉండాల్సిన ఖాళీ చుక్కంత మిగిలింది. ఇంకు పక్కకి పాకి, మీద పొడి కూడా పట్టుకుని నిండిపోయింది. "గోడ మీద రాసేటప్పుడు కూడా రంగు జారుతుందని లోపలి ఖాళీ కాస్త ఎక్కువే వదిలేవాళ్లం" అన్నారు. అప్పటినుంచి ళ, ఱ, ఠ, భ, సున్నా లాంటి అక్షరాల లోపలి ఖాళీని చేత్తో కాస్త పెద్దది చేస్తున్నాను. తెర మీద చూస్తే అక్షరం కొంచెం ఎక్కువ తెరుచుకున్నట్టుంటుంది, బట్ట మీదికి వచ్చేసరికి సరిపోతుంది. ఒక్కో డిజైనుకి గంట పడుతుంది ఈ పనికి. ఎవరూ గమనించరని మా ఆయన అంటారు. నేను గమనిస్తాను, నాన్న గమనిస్తారు.

ఆర్నెల్ల తర్వాత నాన్నే బ్రష్ తీశారు. డ్రాయింగు షీటు మీద నల్ల పోస్టరు రంగుతో మాటలు రాసి ఇస్తారు. "ఊరు", "అమ్మమ్మగారిల్లు", "గోంగూర", "తెనాలి" లాంటివి. 600 డీపీఐలో స్కాన్ చేసి, గీతల్లోకి మార్చి, మీదున్న మరకలు తీసేస్తాను. బ్రష్ చివర ఎండిపోయి చీలిన చోట వచ్చే గరుకు గీతలు మాత్రం తీయను, అవే దాని అందం. అవి సన్నగా ఉన్నా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పొడి పట్టుకుంటుంది. ఇప్పుడు నా దగ్గర ఎక్కువ అమ్ముడుపోయేవి ఆయన రాసినవే. అమెరికా నుంచి వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు పిల్లల కోసం పట్టుకెళ్లడానికి ఐదేసి, పదేసి తీసుకునేవాళ్లున్నారు. ఒకావిడ తన మనవడికి "అమ్మమ్మగారిల్లు" చిన్న సైజులో కావాలని అడిగితే, నాన్న చిన్న సైజుకి సరిపడేలా మళ్లీ రాసిచ్చారు. పెద్దదాన్ని చిన్నది చేస్తే వత్తులు సన్నబడతాయి కదా, అందుకని.

సినిమా హీరోల బొమ్మలు, డైలాగులు వేసి అమ్మమని చాలామంది అడుగుతారు. అవి మనవి కావు. నేను చేయను.

టీషర్టు బట్ట గురించి రెండు మాటలు. ప్రెస్ ఎంత బాగా పనిచేసినా బట్ట మంచిది కాకపోతే పేరు పోయేది మనకే. 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట 180 గ్రాముల బరువు), బయో వాష్ చేసిన కాటన్ తీసుకోండి. బయో వాష్ అంటే ఎంజైములతో బట్ట మీది నూగు తీసేయడం. నూగు ఉన్న బట్ట మీద కొడితే ఉతికాక ప్రింటులోంచి సన్నని వెంట్రుకల్లా దారాలు పైకి లేస్తాయి. 140, 150 జీఎస్ఎం చవగ్గా వస్తాయి, కానీ అంత పల్చని బట్ట మీద పెద్ద ప్రింటు వేస్తే ఛాతీ మీద అట్టముక్క అంటించినట్టుంటుంది. ఒకసారి కేరళ వైపు వెళ్లే రైలెక్కి తిరుప్పూరు వెళ్లాను. స్టేషన్‌కి దగ్గర్లోనే ఖాదర్‌పేట, సందు సందునా బనియన్ బట్టల కొట్లే. రేటు ఇక్కడికంటే తక్కువే గానీ, వందలకి తక్కువ కొనేవాళ్లకి రైలు చార్జీ, రెండు రోజుల టైము కలిపితే పెద్దగా మిగలదు. వెళ్లి చేత్తో పట్టుకుని చూసి బట్ట తెలుసుకోవడం మాత్రం బాగా పనికొచ్చింది. ఎక్కడ కొన్నా ముందు ఒకటి తెచ్చి రెండుసార్లు ఉతికి కొలవండి. పొడవు అంగుళం కంటే ఎక్కువ తగ్గితే ఆ సరుకు వద్దు.

కరెంటు సంగతి. మెషీన్ 1,800 వాట్లు. మామూలు ఐదు ఆంపియర్ల ప్లగ్గులో పెట్టకూడదు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వద్దు. గంటసేపు ఆపకుండా నడిపినా రెండు యూనిట్లు దాటదు, వేడెక్కాక ఆగుతూ వస్తూ ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చోవడం కష్టం, నేను తెల్లవారుజామున చేసుకుంటాను. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆలోచించండి. పలక పైకి తెరుచుకున్నప్పుడు దాని వేడి ముఖం సరిగ్గా మన ముంజేతి ఎత్తులో ఉంటుంది. నా కుడి ముంజేతి మీద రెండు మచ్చలున్నాయి. డబ్బు పెట్టగలిగితే పైపలక పక్కకి తిరిగే రకం తీసుకోండి. చెయ్యి కాలదు, నొక్కు కూడా నాలుగు వైపులా సమానంగా పడుతుంది. దానికి బల్ల మీద చోటు ఎక్కువ కావాలి, నా గదిలో ఆ చోటు లేదు.

ఒక్కో టీషర్టుకి వంద మిగిలితే 145 టీషర్టులకి మెషీన్ ఖరీదు వచ్చేస్తుంది. నాకు నాలుగు నెలలు పట్టింది, అందులో ఒక నెల ఆ సమ్మేళనం దెబ్బకే పోయింది. విజయవాడ రాకపోకలు, పాడైన టీషర్టులు, నా గంటలు ఈ లెక్కలో లేవు. అవీ వేసుకుంటే వంద కాస్తా డెబ్బై ఐదు, ఎనభై అవుతుంది. ఏ నెలా ఒకేలా ఉండదు. చవితి నెలలో పాతిక వేలు చూశాను, మార్చి పరీక్షల నెలలో మూడు వేలు కూడా రాలేదు. దీని మీదే ఇల్లు నడవాలి అనుకునేవాళ్లు కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని దిగండి.

కొనేవాళ్లకి ఉతికే విధానం రాసిన చీటీ పెట్టడం మర్చిపోవద్దు. ప్రెస్ చేసిన 24 గంటల దాకా నీళ్లు తగలకూడదు, లోపలివైపు తిప్పి ఉతకాలి, ప్రింటు మీద ఇస్త్రీపెట్టె పెట్టకూడదు. నేను ఆ చీటీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో వేయిస్తాను. చాలా ఇళ్లలో బట్టలు ఉతికేది ఆర్డరు ఇచ్చిన కుర్రాడు కాదు, వాళ్లమ్మ.

మార్కులేయమంటే మెషీన్‌కి పదికి ఏడు. మూలల్లో వేడి తేడాకి రెండు, ఫోను ఎత్తని డీలరుకి ఒకటి తీసేశాను. రెండేళ్లలో కాయిల్ పోలేదు, టైమరు పోలేదు, తెర బాగానే ఉంది. మార్చినవి రెండే. టెఫ్లాన్ షీటు రెండుసార్లు, మరకలు పట్టి ముడతలు పడితే ఆ ముడత గుర్తు ప్రింటు మీద పడుతుంది. కింది రబ్బరు ప్యాడ్ ఒకసారి, మధ్యలో గట్టిపడి గుంట పడింది. ప్యాడ్ 650 అయింది, మన మెషీన్ కొలత చెబితే హార్డ్‌వేరు కొట్లలో కాదు గానీ రబ్బరు షీట్లు అమ్మే చోట దొరుకుతుంది, వేడికి తట్టుకునే సిలికాన్ రబ్బరు అని గట్టిగా అడగండి. మార్చాక మళ్లీ కాగితం పరీక్ష చేసుకోండి, కొత్త ప్యాడ్ మందం పాతదానితో సమానంగా ఉండదు.